రెండు ఆఫర్ లెటర్లు, ఎవరి వకాల్తా?



మా పక్క గూడెం చెల్లె ఈ ఏడాది లా పూర్తి చేసింది. చుట్టుపక్కల మూడు గూడేల్లో నల్లకోటు వేసుకోబోయే మొదటి ఆడపిల్ల. పోయిన వారం ఫోన్ చేసి "అన్నా, రెండు ఆఫర్లొచ్చినయ్. ఏది పట్టుకోవాలె?" అని అడిగింది. ఒకటి హైదరాబాద్‌లో పెద్ద కార్పొరేట్ లా ఫర్మ్, నెలకు 55 వేలు. రెండోది హైకోర్టు కేసులు చూసే చిన్న ఆఫీసు, నలుగురే లాయర్లు. అక్కడ నెలకు 12 వేలు.

సంగతి మా గ్రూపులో పడగానే తీర్పులు మొదలైనయ్. "కార్పొరేట్‌కు పోతే జాతి ద్రోహమే" అని ఒకాయన రాశాడు. ఆయనకు ఒకటో తారీఖున గవర్నమెంటు జీతం పడుతుంది, ఆ మాట కూడా చెప్పుకోవాలి కదా. ఈ అమ్మాయికి నాన్న లేడు. తమ్ముడు డిగ్రీలో ఉన్నాడు. హాస్టల్ ఫీజు, బస్ పాస్ పోగా 12 వేలల్లో ఇంటికి పంపడానికి ఏం మిగులుద్ది?

ఎస్సీ, ఎస్టీల దగ్గర ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 125 రూపాయలకు మించి తీసుకోవద్దని 2024 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. మంచిదే. కానీ లోపలికి పోయినాక నిలబడేది ఎట్లా? అదే ఏడాది అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వమని చెప్పింది. అది సూచన మాత్రమే, ఇవ్వకపోతే అడిగే నాథుడు లేడు. పేదల కేసులు చేస్తున్నామని చెప్పుకునే ఆఫీసులు ముందు తమ జూనియర్ కడుపు సంగతి చూడాలి. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

అందుకే నేను చెల్లెను జీతం గురించి అడగలేదు. "నీ చేతికి ఎవరి ఫైళ్లు వస్తయ్?" అని అడిగాను.

కార్పొరేట్ ఫర్మ్‌లో ఆమె పని భూముల టైటిల్ వెరిఫికేషన్. పాత పహాణీలు, లింక్ డాక్యుమెంట్లు తిరగేసి ఆ భూమి ఎవరిదో తేల్చడం. నిజం చెప్పాలంటే మన ఏజెన్సీకి కావాల్సిన విద్య అదే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచి వచ్చిందే అని 1/70 చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అతనే. ఇంత బలమైన చట్టం ఉన్నా ఎస్‌డీసీ కోర్టులో కాగితం చదివి చెప్పే మనిషి లేక నష్టపోతున్నాం. మా పెద్దనాన్న కేసు అట్లనే పోయింది. వకాల్తా మీద సంతకం పెట్టించుకున్న లాయరు వాయిదాలకు రానే లేదు.

మరి నేర్చుకుని వస్తే సరిపోదా? ఇక్కడే ఒక ముడి ఉంది. ఒక వ్యవహారంలో ఒక పక్షానికి సలహా ఇచ్చిన, కాగితాలు రాసిన లాయరు తర్వాత ఎదుటి పక్షం తరఫున నిలబడకూడదు. ఇది బార్ కౌన్సిల్ నియమం. క్లయింట్ రహస్యం కూడా ఆఫీసు మారినా రహస్యమే. రేపు ఏ గని కంపెనీ లీజు ఫైలో ఆమె టేబుల్ మీదికొచ్చి, నాలుగేళ్ల తర్వాత అదే కొండ కింది ఊరోళ్లు వకాల్తా పట్టుకుని ఆమె దగ్గరికే వస్తే? ఊరు మనదే, కోటు మనదే, నోరు మాత్రం విప్పలేదు. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు మైనింగ్ లీజుకు ఇవ్వకూడదని 1997లో సమత తీర్పు చెప్పింది. అట్లాంటి కేసులు ఇంకా వస్తాయి. ఆ రోజు మనోళ్లకు లాయరు కావాలి.

చిన్న ఆఫీసు అనగానే మన ఆఫీసు అని కూడా అనుకోవద్దు. "ఎల్టీఆర్ కేసుల్లో ఎవరి తరఫున వాదిస్తారు?" అని అడగమన్నాను. అడిగింది. ఏజెన్సీలో గిరిజనేతరుల తరఫున రెండు కేసులు నడుస్తున్నాయని సీనియర్ దాచకుండా చెప్పాడట. కార్పొరేట్ వాళ్లు మాత్రం "జాయిన్ అయ్యాక టీమ్ లీడ్ చెప్తారు" అన్నారు.

నా ఓటు చిన్న ఆఫీసుకే. అడిగితే జవాబు చెప్పారు, పైగా అక్కడ ఏడాది తిరక్కుండానే జడ్జి ముందు నిలబడి వాదించొచ్చు. కానీ 12 వేలకు కాదు. వాళ్లు ఒప్పుకోకపోతే కార్పొరేట్‌కే పోవాలి, రెండేళ్లు చేసి అప్పులు తీర్చుకోవాలి, షెడ్యూల్డ్ ఏరియా ఫైళ్లు తనకు ఇవ్వొద్దని చేరకముందే మెయిల్‌లో రాయించుకోవాలి. అప్పుడు ఆమెను ద్రోహి అన్నవాళ్లు ముందు ఆమె హాస్టల్ ఫీజు కట్టి మాట్లాడాలి.

నిన్న రాత్రి సీనియర్‌కు మెయిల్ పెట్టింది. 20 వేలు కావాలని, ఆ రెండు ఫైళ్లు తను ముట్టుకోనని రాసింది. సోమవారం లోపు రెండు చోట్లా జవాబు చెప్పాలి. ఇది రాసే టైముకు ఆయన నుంచి రిప్లై రాలేదు.