పిత్తరసం చెప్పే కబురు

మా భాల్కిలో ఒకే జబ్బుకు నాలుగు పేర్లున్నవి. కన్నడంవారు కామాలె అంటారు, మరాఠీవారు కావీళ్ అంటారు, ఉర్దూలో యర్కాన్, మన ఇండ్లలో పసిరికలు. పేర్లు నాలుగైనా మనమందరమూ చేసే పని ఒక్కటే: పసరు మందు పోసేవారి గడప తొక్కడం. మా మేనత్తకు కళ్లు పచ్చబడినపుడు మేమూ అదే చేసినాము. ఆరు వారాలు పసరు పోయించి, ఉప్పూ కారమూ మాన్పించి, చివరకు హైదరాబాదు బండి ఎక్కించినాము. అప్పటికే పిత్తనాళంలో పుట్టిన క్యాన్సరు ఆపరేషన్‌కు లొంగే దశ దాటిపోయినది. ఆ ఆరు వారాలు మమ్మల్ని ఇప్పటికీ బాధిస్తూనే ఉన్నవి.

కాలేయం రోజుకు లీటరుకు కొంచెం తక్కువగా పిత్తరసం తయారుచేస్తుంది. అది సన్నని నాళం గుండా పేగులోకి దిగి, మనం తిన్న నేతినీ నూనెనూ అరిగిస్తుంది. నాళానికి ఏదైనా అడ్డం పడితే ఆ పసుపు రక్తంలోకి ఎక్కి కళ్లలో కనబడుతుంది. పసిరికలన్నీ ఒక్కటి కావు. వైరస్ వల్ల వచ్చినవి చాలావరకు కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతవి. ఆ కీర్తి పసరుకు దక్కుతుంది. అడ్డం పడి వచ్చినవి అట్లా తగ్గవు. మూత్రం ముదురు రంగుగా, మలం తెల్లమట్టి రంగుగా ఉండి, ఒళ్లంతా దురద పెడితే దానినే అనుమానించవలెను. ఆ అడ్డం రాయి కావచ్చును, క్యాన్సరు గడ్డ కావచ్చును.

ఏది అన్నదే చిక్కు. నోటి గుండా దుర్భిణీ గొట్టం దింపి పిత్తనాళం ద్వారాన్ని పట్టే విద్యను 1968లో అమెరికా వైద్యులు మొదటిసారి ప్రకటించినారు. ఈ విద్యలో హైదరాబాదు డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు ప్రపంచమెరిగినవారు, 2025లో వారికి పద్మవిభూషణ్ ప్రకటించినారు. ఆ గొట్టంలోంచి చిన్న కుంచె పంపి కణాలను తీసి చూస్తారు. కాని ఆ పరీక్షకు సుమారు సగం క్యాన్సర్లు చిక్కవు. రక్తంలో చూచే సి.ఎ. 19-9 రాయి అడ్డం పడినా పెరుగుతుంది.

అందుచేత పరిశోధకుల దృష్టి పిత్తరసం మీదనే పడినది. కుండలో అన్నం సంగతి గంజి చెప్పినట్లు, నాళం సంగతి రసం చెప్పవలెను గదా. క్యాన్సరు కణం తిండి వేరు, అది విడిచే పదార్థాలు వేరు. అవి రసంలో నేరుగా కలుస్తవి. 2010లో వెలువడిన ఒక పరిశోధనలో, అయస్కాంత అనునాద పద్ధతిని ఉపయోగించి చూడగా, క్యాన్సరు రోగుల రసంలో ఫాస్ఫటిడైల్ కోలిన్ అనే కొవ్వు తగ్గి, కొన్ని పిత్తామ్లాలు పెరిగి కనిపించినవి. అడ్డం తొలగించేటపుడు రసం ఎట్లాగూ బయటికి వస్తుంది. కొద్దిగా పట్టుకొంటే చాలును.

అయితే నాళం వాచినా, రాయి అడ్డినా రసం మారుతుంది. క్యాన్సరుకు మాత్రమే చెందిన మార్పు ఏదో ఎందరో రోగులలో రుజువు కావలెను. అందువల్ల ఇది ఇంకా ఆసుపత్రులలో మామూలు పరీక్ష కాలేదు.

రేపు అయినా, మనం ఆరు వారాలు ఆలస్యంగా పోతే అది మనకు ఏమి మేలు చేయగలదు? కళ్లు పచ్చబడిన వారంలోనే రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించండి. చలిజ్వరం కూడా ఉంటే ఆనాడే ఆసుపత్రికి పోవలెను. పసరు సంగతి డాక్టరు చూచిన తరువాత ఆలోచించవచ్చును.