బంతి కాఫీతోటలో పడింది

వేసవి వచ్చిందంటే నా స్నేహితులందరికీ నేను జ్ఞాపకం వస్తాను. తక్కిన నెలల్లో నేను వున్నదీ లేనిదీ కనుక్కోనివాళ్ళు కూడా ఉగాది పచ్చడి తిన్న మర్నాడే ఫోను చేసి, "ఏమోయ్, కులాసానా? పిల్లలు బాగా చదువుతున్నారా?" అంటారు. నేను కులాసాయేనని చెప్పాక ఒక్క క్షణం ఆగుతారు. ఆ తరువాత, "అన్నట్టు, మీ అరకులో ఇప్పుడు చల్లగా వుంటుందట కదూ!" అంటారు. అదీ అసలు ప్రశ్న.

నిజం చెప్పాలంటే అరకులోనూ మధ్యాహ్నం ఎండ ఎండే. మూడువేల అడుగుల ఎత్తున వున్నాం గనక పొద్దుగుంకాక కొండమీంచి గాలి దిగుతుంది, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కుంటాం, అంతే. ఆ దుప్పటి మాట చెప్పడమే నేను చేసిన పొరపాటు. కింద విశాఖపట్నంలో చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయినవాడికి దుప్పటి మాట వినిపిస్తే వాడు ఇంట్లో వుంటాడా? మా ఆవిడ ఏటా మాఘమాసం దాటగానే సంతకు వెళ్ళి రెండు చాపలు కొంటుంది. ఎందుకని నేను అడగను. ఆవిడా చెప్పదు.

ఈ ఏడు బోణీ మా లెక్కల మిత్రుడిది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నేను తెలుగు ఎం.ఏ., అతను లెక్కల ఎం.ఎస్సీ. చదివే రోజుల్లో ఒకే గదిలో వున్నాం. నేను పద్యం చదివితే అతను గణాలు లెక్కపెట్టి, "ఒకటి తగ్గిందోయ్" అనేవాడు. ఇప్పటికీ అతనికి ఏది కనిపించినా లెక్కపెట్టాలి. విశాఖపట్నంలో పొద్దున్నే కిరండోల్ బండి ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, దారిపొడుగునా సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. బైలదిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చెయ్యడం కోసం 1960 ప్రాంతాల్లో వేసిన లైను అది. 58 సొరంగాలని ప్రతీతి. మనవాడు స్టేషన్లో దిగీ దిగగానే, సంచీ నా చేతికిచ్చి, "తగ్గాయి!" అన్నాడు. ఆ 58 లైను మొత్తానికి నాయనా, అరకు దాకా కాదు అని చెప్పినా వినడు. బొర్రా దగ్గర ఇడ్లీ పొట్లం విప్పడంలో రెండు మూడు తప్పిపోయి వుంటాయని అతని అనుమానం. శిమిలిగుడ స్టేషను బోర్డు మీద 996 మీటర్లు అని వుంటే, ఇంకో నాలుగు మీటర్లు పైన కడితే వెయ్యి అయ్యేది కదా అని బాధపడ్డాడట.

మర్నాడు మాకు రెండు కోసుల దూరంలో వున్న ఒక గూడేనికి బయల్దేరాం. అక్కడి కుర్రాళ్ళు కొందరు మా కాలేజీలో చదువుతున్నారు. క్రికెట్ పోటీ పెట్టుకున్నాం, మీరు అంపైరుగా వుండాలి సార్ అని వారం నుంచీ వెంటపడుతున్నారు. నాకు నలభై దాటి ఆరేళ్ళయింది. చత్వారం వచ్చింది. బంతి వేసినవాడు కనిపిస్తే బంతి కనిపించదు. ఆ సంగతి చెబితే, "ఫరవాలేదు సార్, మేం ఏం చెబితే అది మీరు చెప్పండి" అన్నారు. అంపైరుకు ఇంతకంటె మంచి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

గూడెం ఇంకో ఫర్లాంగు వుందనగా రోడ్డుకు అడ్డంగా వెదురుగడ. దాని వెనకాల పదిమంది ఆడవాళ్ళు, పాట. మా మిత్రుడు కంగారుపడి, "చెక్ పోస్టా?" అన్నాడు. ఇటుకల పండుగ అని చెప్పాను. చైత్రమాసంలో ఈ కొండల్లో పెద్ద పండుగ అదే. మగవాళ్ళు అడవికి వేటకు పోవడం, ఆడవాళ్ళు దారి కాసి వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండుగ మామూలు పుచ్చుకోవడం ఆచారం. వేటకు పోయి వుత్తచేతులతో తిరిగివచ్చిన మొనగాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లేవారు. (మనలో చాలామంది మొదటి తారీఖు దాటాక ఇంటికి వెళ్ళే తీరు చూస్తే ఈ ఆచారం మైదానాల్లో లేకపోవడం అదృష్టమనిపిస్తుంది.) మా మిత్రుడు ఇరవై రూపాయలు తీసి, చేతిలో పట్టుకుని, "రసీదు ఇస్తారా?" అన్నాడు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపక నవ్వారు. ఒక ముసలమ్మ, "చీటీ కావాలా బాబూ? డబ్బొద్దు, మాతో ఆడు" అని చెయ్యి పట్టుకుంది. ఒకరి నడుము వెనకగా ఒకరు చేతులు వేసుకుని, వరసగా, పాములా మెలికలు తిరుగుతూ ఆడే థింసా మీరు సినిమాల్లోనైనా చూసే వుంటారు. ఆ వరసలో మా లెక్కల మిత్రుడు అడుగులు లెక్కపెట్టుకుంటూ ఆడాడు. లెక్కపెట్టడం వల్లనే తప్పాడు. చివరికి యాభై ఇచ్చి బయటపడ్డాడు.

వేటకు పోవలసిన కుర్రాళ్ళందరూ పొలంలో వికెట్లు పాతుతున్నారు. కోత అయిపోయిన మడి, పక్కనే వాలుమీద కాఫీతోట. చెట్లకింద ఒకామె చోడి అంబలి కుండ పెట్టుకుని కూచుంది. చెరో గిన్నెడు తాగాం. వేసవిలో దాన్ని మించిన పానీయం నాకు తెలియదు. జీలుగుకల్లు వుందని ఎవరో చెవిలో చెప్పారు గాని, అంపైరును గదా అని వూరుకున్నాను.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి. 2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల మొట్టమొదటి టీ20 ప్రపంచకప్పు ఫైనలు జరిగింది. నేపాల్ జట్టు 114 పరుగులు చేస్తే మన అమ్మాయిలు 7 వికెట్ల తేడాతో గెలిచారు. అందులో 42 పరుగులు మా అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు ప్రాంతపు గిరిజన బాలిక పాంగి కరుణకుమారివి. ఇంకా స్కూలుపిల్ల. ఆ వార్త వచ్చిన రోజున మా కాలేజీలో పాఠం జరగలేదు. పెద్దవాళ్ళ క్రికెట్ గురించి రాత్రింబవళ్ళు మాట్లాడే మన ఇళ్ళల్లో ఈ ఆట సంగతి ఎంతమందికి తెలుసు? నాకూ అప్పటిదాకా తెలియదు, అందుకని దెప్పడం లేదు.

ఆ ఆట పద్ధతి వినండి. బంతి ప్లాస్టిక్కుది, లోపల ఉక్కు గుళ్ళుంటాయి, దొర్లితే గలగలమంటుంది. బౌలరు చెయ్యి కిందనించే వెయ్యాలి. వేసేముందు "రెడీ?" అని అడగాలి. బ్యాటరు "ఎస్" అన్నాక, "ప్లే" అని కేకవేసి వదలాలి. సగం దూరం లోపలే బంతి ఒకసారైనా నేలను తాకాలి, లేకపోతే చప్పుడెలా వినిపిస్తుంది? జట్టులో కనీసం నలుగురు బొత్తిగా చూపులేనివాళ్ళు వుండాలి. వాళ్ళు చేసిన ఒక పరుగు రెండు కింద లెక్క. వాళ్ళు బంతిని ఒక్కసారి నేలమీద పడి లేచాక పట్టినా అవుటే. నేను చదివిన ఆటల నిబంధనల్లో ఇంత మర్యాదైనవి వేరే లేవు. వేసేముందు ఎదుటివాణ్ణి "సిద్ధమేనా?" అని అడిగి వేసే బౌలరు ఇంకే ఆటలో వున్నాడు చెప్పండి!

సరే, మా కుర్రాళ్ళకు ఈ ఆట మీద బుద్ధి పుట్టింది. ప్లాస్టిక్ బంతిని కోసి, సైకిలు చక్రంలో వుండే గుళ్ళు అందులో పోసి, మళ్ళీ అతికించారు. అసలు పోటీకి ముందు కళ్ళకు తువ్వాళ్ళు కట్టుకుని ఒక ఆట ఆడదామన్నారు. మొదటి బ్యాటు నాకే ఇచ్చారు, గురుభక్తి గదా. తువ్వాలు కట్టగానే ఎంతటి భయం వేసిందో చెప్పలేను. మడి అంతా ఒక్కసారి ఎంతో పెద్దదైపోయింది. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. "ప్లే" అన్నారు. గలగల ఎడమవైపు వచ్చిందనుకుని ఊపితే అది కుడివైపు వెళ్ళిపోయింది. రెండోదీ అంతే. మూడోది నా కాలికి తగిలింది. కొలంబోలో ఆ పిల్ల 42 పరుగులు చెయ్యడమంటే ఏమిటో నా మోకాలికి అప్పుడు తెలిసింది.

మా లెక్కల మిత్రుడు వచ్చాడు. తువ్వాలు కట్టించుకుని, చెవి వంచి, "ఒకటి... రెండు..." అని చప్పుళ్ళు లెక్కపెట్టి ఒక్క దెబ్బ కొట్టాడు. బంతి అందరి తలలమీంచి వెళ్ళి కాఫీతోటలో పడింది. "సిక్సర్!" అని ఒక జట్టు, "అవుట్! తోటలో పడితే అవుట్!" అని రెండో జట్టు. అదేం నియమమని అతను తువ్వాలు విప్పకుండానే తగాదా వేసుకున్నాడు. నేను అంపైరును, ఇద్దరూ నావైపు చూస్తున్నారు.

ఈలోగా ముగ్గురు పిల్లలు బంతికోసం పరుగెత్తారు. తోట గట్టుమీదికి ఒక అమ్మాయి వచ్చి, "ఆగండి! ఎవ్వరూ లోపలికి రాకండి!" అని అరిచింది. చేతిలో బుట్ట. చత్వారమైనా గుర్తుపట్టాను. మా కాలేజీలో డిగ్రీ ఆఖరు సంవత్సరం చదివిన పిల్ల, తెలుగులో క్లాసు ఫస్టు. పండుగపూట అక్కడ వెదురుగడ దగ్గర పాడవలసిన వయసు.

"ఏమ్మా, ఇవాళ కూడా పనేనా?" అన్నాను.

"వానలు పడకముందే ఏరెయ్యాలి సార్."

సంగతేమిటంటే, 2025 ఆగస్టులో అరకు మండలం చినలబుడు వైపు తోటల్లో కాఫీకాయ తొలుచు పురుగు కనిపించింది. మన దేశంలో ఇది 1990లోనే నీలగిరుల్లో గూడలూరు దగ్గర బయటపడింది. ఇన్నేళ్ళూ మా కొండలెక్కలేదని ధీమాగా వున్నాం. నువ్వుగింజకంటె చిన్నది, నల్లనిది. ఆడపురుగు కాయ కొనదగ్గర బెజ్జం చేసి లోపలికి దూరి గుడ్లు పెడుతుంది. పిల్లలు లోపలి గింజ తింటాయి. బయటికి చూస్తే కాయ నిక్షేపంలా వుంటుంది. అప్పుడు అధికారులు వచ్చి, పురుగు పట్టిన తోటల్లో కాయలన్నీ దూయించి నాశనం చేయించారు. ఈ అమ్మాయి వాళ్ళ తోటా అందులో ఒకటి. పారిస్‌లో కొట్టు తెరిచారని, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం గర్వంగా చెప్పుకునే కాఫీ, ఆ యింట్లో ఒక ఏడాది బత్తెం. ఆ పిల్ల బి.ఇడి. చదువుకు కట్టవలసిన డబ్బూ అదే.

పంట పోయాక కూడా పురుగు పోదు. రాలిపోయి ఆకుల కింద దాగిన కాయల్లో వేసవంతా కూచుని, జల్లులు పడగానే లేచి కొత్త కాయల మీదికి వస్తుంది. అందుకని నేలమీద ఒక్క కాయ కూడా మిగలకూడదు. ఈ అమ్మాయీ, వాళ్ళ నాన్నా ఫాల్గుణం నుంచీ వరస తరువాత వరస ఏరుతున్నారట. పూలు కూడా వచ్చి వెళ్ళాయి. మార్చి వానకు కొండంతా మల్లెపూల వాసన వేసిందే, అప్పుడు నేను మా ఆవిడతో కిటికీ దగ్గర నిలబడి ఎంత బాగుందో అనుకున్నాను. అదే వాసన వాళ్ళకు ఇంకోలా వుండి వుంటుంది.

"బంతి దొరికింది సార్" అని చూపించింది. రెండో అరచెయ్యి కూడా చాచింది. అందులో ఎండిన కాయలు ఏడెనిమిది. "బంతి పడ్డచోట ఆకులు చెదిరాయి. కింద ఇవి వున్నాయి. ఈ వరస మేం రెండుసార్లు చూశాం." ఒకదాన్ని గోటితో చీల్చింది. నాకు ఏమీ కనిపించలేదు. మిత్రుడు తువ్వాలు విప్పి వంగి చూసి, "బెజ్జం వుందోయ్" అన్నాడు నెమ్మదిగా.

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళ నాన్న గట్టుమీద చతికిలబడి, "అయితే మొదటినించీ మళ్ళీ చూడాల బాబూ" అన్నాడు. కోపంగా అనలేదు. అలసటగా అన్నాడు. రెండు నెలలు వంగిన నడుం ఆయనది.

కుర్రాళ్ళలో ఒకడు బ్యాటు కింద పెట్టి తోటవైపు నడిచాడు. ఆ పిల్ల, "చెప్పులు ఇక్కడ విడిచి రండి. జేబుల్లో వేసుకోకండి, బుట్టలోనే వెయ్యండి. ఒక్కొక్కరూ ఒక్కొక్క వరస" అంది. నా క్లాసులో నోరెత్తని పిల్ల సుమండీ! రెండు జట్లూ, అంబలి కుండ ఆమె, రోడ్డుమీంచి కేకలు విని వచ్చిన పండుగ ఆడవాళ్ళూ అందరం దిగాం. ఆకులు తీసి, మట్టి తడిమి, కాయ దొరికితే బుట్టలో వేసి. ఒక గంట గడిచాక కళ్ళు మూసుకుని చేత్తో తడిమితేనే నాకు బాగా దొరుకుతున్నట్టు కనిపెట్టాను. చత్వారానికి ఇదొక మందు. మా మిత్రుడు పైకే లెక్కపెడుతున్నాడు. ఎవరు ఎక్కడ కేకవేసి చెప్పినా కలుపుకుంటున్నాడు.

సాయంకాలానికి 412 దగ్గర ఆగాడు. సగం తోట కూడా కాలేదు. మడిలో రాళ్ళపొయ్యి పెట్టి కుండలో నీళ్ళు కాచారు. కాయల్ని మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ముంచితే లోపలి పురుగు చస్తుంది. ఆ అమ్మాయి గడియారం చూస్తూ నిలబడింది. మిత్రుడు తన గడియారమూ చూశాడు, ఆవిడదానికీ తనదానికీ ఎనిమిది సెకండ్లు తేడా వుందట.

ఆదివారానికి వెళ్ళవలసినవాడు ఇంకో వారం వుంటానన్నాడు. మిగతా సగం తోట వుంది కదా అన్నాడు. మా ఆవిడ చాప తీసి పరిచింది. సిక్సరా, అవుటా అన్నది మాత్రం తేలలేదు. వచ్చే ఆదివారం నేను చెప్పాలట.