బోర్డు మీద ఫొటోలు... బెంచీలో మన పిల్ల!

ఏప్రిల్ వచ్చిందంటే జంగారెడ్డిగూడెంలో రెండు సందళ్లు. ఒకపక్క పొగాకు బేళ్లు వేలం కేంద్రానికి కదులుతుంటాయి. మరోపక్క కరెంటు స్తంభాలకు బడుల ఫ్లెక్సీలు వేలాడుతుంటాయి. నవ్వుతున్న పిల్లల ఫొటోలు, పక్కన మార్కులు, పైన పెద్దక్షరాల్లో బడి పేరు. ఆ ఫ్లెక్సీల కింద మెడలు పైకెత్తి నిలబడ్డ అమ్మానాన్నల్లో చాలామంది మనసులో ఒకటే ప్రశ్న. ‘అయిదో తరగతి అయిపోయింది. ఆరులో ఎక్కడ వేద్దాం?’

ఆ ప్రశ్న ఏ ఇంట్లో తలెత్తినా మాటలు దాదాపు ఇలాగే సాగుతాయి.

‘ఏలూరులో సిస్టర్ల స్కూల్లో వేద్దామండీ. హాస్టలుంటే అందులోనే ఉంచుదాం. ఇంగ్లిషు వస్తుంది, క్రమశిక్షణ ఉంటుంది’ అంటుంది అమ్మ.

‘పదకొండేళ్ల పిల్లని అంత దూరం పంపుతావా? ఇక్కడే ఏదో సెయింట్ స్కూలు ఉందిగా’ అంటాడు నాన్న.

‘ఏ స్కూలైనా ఒకటేరా అబ్బాయ్. పిల్లని బొట్టు పెట్టుకోనిస్తారో లేదో, అది కనుక్కో ముందు’ అంటుంది నాయనమ్మ.

అసలు చదవాల్సిన పిల్ల వసారాలో తొక్కుడుబిళ్ల ఆడుతూ అన్నీ వింటూనే ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ అడగరు!

ముగ్గురి మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఈ విషయం తేలాల్సింది మాటలతో కాదు. నాలుగు ప్రశ్నలు పట్టుకుని బడికి వెళ్తే తేలుతుంది.

కాన్వెంటులన్నీ కాన్వెంటులేనా?

కాన్వెంటు అంటే నిజానికి సిస్టర్లు నివసించే మఠం. దాన్ని ఆనుకుని వాళ్లు నడిపే బడి కాన్వెంటు స్కూలు. కానీ మన జిల్లాల్లో ఆ మాట ఎప్పుడో రూపు మార్చుకుంది. టై కట్టుకుని ఇంగ్లిషు మీడియంలో చదివితే చాలు, ‘మావాడు కాన్వెంట్లో చదువుతున్నాడు’ అంటాం. పేరుకు ముందు ‘సెయింట్’ అని పెట్టుకున్న బడులన్నీ కూడా చర్చివి కావు. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. అలాంటి వాటిలోనూ మంచి బడులు ఉండొచ్చు. కానీ సిస్టర్ల బడి అనే నమ్మకంతో చేర్చేవారు ముందుగా అడగాల్సింది ఒకటుంది. ‘ఈ బడిని నడిపేది ఎవరు?’

కేథలిక్ బడుల్లో స్థూలంగా రెండు రకాలు. మొదటిది మేత్రాసనం, అంటే బిషప్ పాలనలో నడిచేది. ఊళ్లలో కనిపించే ‘ఆర్‌సీఎం’ బడులు ఈ కోవలోవే. ఆర్‌సీఎం అంటే రోమన్ కేథలిక్ మిషన్. డెల్టా పల్లెల్లో ఎన్నో పేద కుటుంబాలకు తొలి అక్షరం దొరికింది ఆ పెంకుటిళ్ల బడుల్లోనే. ఏలూరు మేత్రాసనం 1976లో విజయవాడ నుంచి విడివడి ఏర్పడింది. రెండో రకం బడులు సిస్టర్లు, ఫాదర్లు, బ్రదర్ల సంఘాలవి. ఏలూరులో 1953లో మొదలైన సెయింట్ థెరిసా మహిళా కళాశాలను నడిపేది సిస్టర్స్ ఆఫ్ చారిటీ. 1832లో ఇటలీలోని లోవెరే అనే చిన్న ఊళ్లో పుట్టిన సంఘమిది. నెదర్లాండ్స్ నుంచి 1904లో గుంటూరు వచ్చిన జేఎంజే సిస్టర్లు, విజయవాడలో ఆంధ్రా లయోలా కళాశాల పెట్టిన జెసూట్ ఫాదర్లు ఇలాంటి సంఘాల వారే.

ఈ తేడా తెలిస్తే ఏం లాభం? సంఘాల బడుల్లో హెడ్‌మిస్ట్రెస్‌లకు బదిలీలుంటాయి. ఎవరో ఒక సిస్టర్ పేరు విని పిల్లని చేర్పిస్తే, వచ్చే ఏడాది ఆవిడ అక్కడ ఉండకపోవచ్చు. అందుకే ఒక మనిషిని కాక, బడి పద్ధతిని చూడాలి. ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న లెక్కల మాస్టారు, తెలుగు టీచరు ఎంతమంది ఉన్నారో అడగాలి. టీచర్లు నిలబడే బడిలో పిల్లలూ నిలబడతారు.

నూరు శాతం వెనక...

‘మా స్కూల్లో పదో తరగతి నూటికి నూరు శాతం’. ఏ ఫ్లెక్సీ మీద చూసినా ఇదే మాట. నిజమే కావచ్చు. కానీ ఆ నూరు శాతం దేంట్లో?

ఓ చిన్న లెక్క వేద్దాం. ఒక బడిలో ఆరో తరగతిలో 90 మంది చేరారనుకోండి. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో వెనకబడ్డ 30 మందిని ‘మీవాడికి ఇక్కడ కష్టం, వేరేచోట వేయండి’ అని పంపేశారు. మిగిలిన 60 మంది పరీక్ష రాసి, అందరూ గట్టెక్కారు. ఫలితం నూరు శాతమే! మరో బడిలో 90 మంది చేరారు. ఆ 90 మందీ పరీక్ష రాశారు. 84 మంది పాసయ్యారు. శాతం 93. ఫ్లెక్సీ మీద మొదటి బడిదే పైచేయి. కానీ చేరిన పిల్లల్లో గట్టెక్కింది మొదటి బడిలో ముగ్గురిలో ఇద్దరే. రెండో బడిలో దాదాపు అందరూ.

కాబట్టి అడగాల్సిన రెండో ప్రశ్న, ‘ఆరులో చేరినవాళ్లలో ఎంతమంది మీ బడిలోనే పది రాశారు?’ దానికి తోడుగా మరోటి. 600 మార్కులకు మొదటి ర్యాంకు పిల్లకి ఎన్ని వచ్చాయన్నది గోడ మీదే ఉంటుంది. తరగతిలో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లకి ఎన్ని వచ్చాయో అడగండి. ఫ్లెక్సీ మీది ఫొటో ఎవరి పిల్లదో. మన పిల్ల ఆ మధ్య బెంచీలో కూర్చునే అవకాశమే ఎక్కువ. వెనకబడ్డ పిల్లలకు సాయంత్రం విడిగా చెబుతారా, లేక ట్యూషన్ పెట్టించుకోమని డైరీలో రాసి ఊరుకుంటారా? బడి సత్తా తెలిసేది అక్కడే. ముందే బాగా చదివే పిల్లల్ని ఏరి చేర్చుకుని ర్యాంకులు తేవడం పెద్ద విశేషమేం కాదు.

ఇంకో సంగతి. పదో తరగతి వరకూ బడికి సొంత గుర్తింపు ఉందా? కొన్ని ప్రైవేటు బడులకు ఏడో తరగతి వరకే గుర్తింపు ఉంటుంది. ఆపైన పిల్లల పేర్లు మరో బడి రిజిస్టర్లో ఉంటాయి. ఇబ్బంది బయటపడేది టీసీ తీసుకునేటప్పుడే. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. అది అడిగి తీసుకుంటే ఆ బడిలో ఎన్ని తరగతులున్నాయో, ఎంతమంది టీచర్లున్నారో ఇంటర్నెట్లో చూసుకోవచ్చు.

ఎయిడెడ్ అయితే...

కేథలిక్ హైస్కూళ్లలో కొన్ని ఎయిడెడ్. అంటే టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది, ఫీజు భారం చాలా తక్కువ. మిగిలినవి సొంతంగా నడిచే ఇంగ్లిషు మీడియం బడులు. ఒకే ఆవరణలో రెండూ ఉండొచ్చు. ‘ఆ గేటు లోపలిదేగా’ అని ఒకదానికి అనుకుని మరోదానికి దరఖాస్తు పెట్టకుండా చూసుకోవాలి.

2021లో ఎయిడెడ్ సంస్థలను, సిబ్బందిని తమకు అప్పగించమని రాష్ట్ర ప్రభుత్వం యాజమాన్యాలను కోరింది. తల్లిదండ్రులు, విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ నవంబరులో పాత పద్ధతిలోనే కొనసాగే వెసులుబాటు కూడా ఇచ్చింది. ఏ బడి ఏ దారి పట్టిందో బడికొక కథ. అందుకే ‘ఎయిడెడ్ కదా’ అని ఊహించుకోకుండా, ఇప్పటికీ ఎయిడెడ్‌గానే ఉందా, ఖాళీ అయిన పోస్టుల్లో ఎవరు పాఠాలు చెబుతున్నారు అని అడగడం మంచిది.

ఫీజు సంగతి మాట్లాడేటప్పుడు మొదటి నెల కట్టేది ఒక్కటే చూడకూడదు. పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, బస్సు, హాస్టలు, పరీక్ష ఫీజు... అన్నీ కలిపి ఆరు నుంచి పది వరకు అయిదేళ్ల లెక్క కాగితం మీద వేసుకోవాలి. పొగాకు ధర బాగున్న ఏడాది కట్టగలిగింది, ధర పడిపోయిన ఏడాది కట్టగలమా? తొమ్మిదో తరగతి మధ్యలో ఫీజు బాకీతో బడి మారే పిల్ల పడే బాధ ఏ మార్కుల జాబితాలోనూ కనిపించదు. రాయితీ ఉంటే చేరకముందే అడగాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

బొట్టు, మాల, ప్రార్థన

ఇప్పుడు నాయనమ్మ ప్రశ్నకు వద్దాం. దాన్ని పాతకాలపు చాదస్తమని తీసిపారేయక్కర్లేదు.

మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకొనే హక్కు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. కేథలిక్ బడులు నడిచేది ఆ హక్కు మీదే. అదే రాజ్యాంగం 28వ అధికరణంలో మరో మాట చెప్పింది. గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం పొందే బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకో ఆరాధనకో హాజరు కమ్మని బలవంతం చేయకూడదు. ప్రభుత్వ సాయం పొందే బడి మతం, కులం, భాష కారణంగా సీటు నిరాకరించకూడదని 29వ అధికరణం అంటుంది. అలాగని సొంత మతం పిల్లలకు కొంత ప్రాధాన్యం ఇచ్చుకోవడం తప్పు కాదని 1991 నాటి సెయింట్ స్టీఫెన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కేథలిక్ కుటుంబాల వారిని జ్ఞానస్నాన పత్రం, విచారణ గురువు ఉత్తరం తెమ్మనేది అందుకే.

సాధారణంగా ఇలాంటి బడుల్లో కేథలిక్ పిల్లలకు సత్యోపదేశం, మిగతావారికి నీతిపాఠాలు ఉంటాయి. పొద్దుటి అసెంబ్లీలో ప్రార్థన అందరికీ. కొన్ని ఇళ్లకు అది అసలు సమస్యే కాదు. కొన్ని ఇళ్లకు అవుతుంది. ఏదైనా ముందే తెలిస్తే గొడవ ఉండదు. బొట్టు, పూలు, గాజుల విషయంలో నియమం ఏమిటి? కార్తీకంలో పిల్లాడు అయ్యప్ప మాల వేసుకుంటే నల్ల బట్టల్లో రానిస్తారా? పండక్కి సెలవు ఎన్నాళ్లు? చేరకముందు అడిగితే ఇవి మామూలు ప్రశ్నలు. చేరాక నవంబరులో గేటు దగ్గర అడిగితే తగాదాలు. నలిగేది పిల్లాడు.

ఇక క్రమశిక్షణ. కేథలిక్ బడి అనగానే అందరూ మెచ్చుకునేది దాన్నే. టైముకు రావడం, వరుసలో నడవడం, దస్తూరి, శుభ్రత... ఇవి మంచి అలవాట్లే. కానీ బెత్తం క్రమశిక్షణ కాదు. మన రాష్ట్రంలో బడుల్లో పిల్లల్ని దండించకూడదని 2002లోనే ఉత్తర్వులు వచ్చాయి. ‘నాలుగు తగిలించినా ఫర్వాలేదు సిస్టర్’ అని మనమే అనుమతి ఇచ్చి రాకూడదు.

దూరం కూడా ఒక సబ్జెక్టే

జంగారెడ్డిగూడెం నుంచి ఏలూరు సుమారు యాభై కిలోమీటర్లు. బస్సులో ఒకవైపు గంటన్నర వేసుకున్నా రోజుకు మూడు గంటలు. ఏడాదికి 220 రోజులు బడి ఉంటే 660 గంటలు పిల్ల జీవితం బస్సు సీట్లో గడిచిపోతుంది. నిద్రా, ఆటా రెండూ ఆ గంటల్లోంచే పోతాయి. కొల్లేరు పక్క ఊళ్ల నుంచి ఏలూరుకో తాడేపల్లిగూడానికో పిల్లల్ని పంపేవారికీ, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి నుంచి జంగారెడ్డిగూడేనికి పంపేవారికీ ఈ లెక్కే. కిలోమీటర్లు మారతాయంతే.

మరి హాస్టలో? కొందరు పిల్లలు అక్కడ వికసిస్తారు. కొందరు ముడుచుకుపోతారు. ఇంకో విషయం కూడా ఆలోచించాలి. పది తర్వాత ఇంటర్ రెండేళ్లూ చాలామంది పిల్లలు ఎలాగూ హాస్టళ్లకే వెళ్తున్నారు. అంటే అమ్మ చేతి ముద్ద తింటూ, నాన్న బండి మీద బడికి వెళ్లే రోజులు ఈ అయిదేళ్లే. వాటిని వదులుకోవాలంటే అవతల దొరికేది అంత విలువైనదై ఉండాలి. దొరుకుతుందనుకుంటే వదులుకోవచ్చు. కానీ ఫ్లెక్సీ చూసి మాత్రం కాదు.

ఒక్క పూట వెళ్లి చూడండి

బడి చూడటానికి ఆదివారం వెళ్లకండి. పనిరోజున, మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లండి. పిల్లలు ఎలా తింటున్నారో, చేతులు కడుక్కోవడానికి నీళ్లున్నాయో చూడండి. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందా? గ్రౌండు ఉందా, ఉంటే పిల్లలు అందులో ఉన్నారా, దుమ్ము ఒక్కటే ఉందా? లైబ్రరీ పుస్తకాల అట్టలు నలిగి ఉన్నాయా, బీరువాలో తళతళలాడుతున్నాయా? సాయంత్రం గేటు బయట నిలబడి ఏడో తరగతి పిల్లనొకదాన్ని పలకరించండి. ‘అమ్మా, అర్థం కాకపోతే మళ్లీ అడగనిస్తారా?’ అని. ఆ జవాబుకు ముందు ప్రాస్పెక్టస్ ఎంత?

చివరిది... నిజానికి మొదటిది. ఆ పూట పిల్లని కూడా వెంట తీసుకెళ్లండి. వసారాలో తొక్కుడుబిళ్ల ఆడుతూ అన్నీ విన్న ఆ పిల్లకి సొంత ప్రశ్నలుంటాయి. ‘ఇక్కడ ఆటల పీరియడ్ ఉంటుందా?’ అనొచ్చు. ‘మా క్లాసు వాళ్లెవరైనా చేరతారా?’ అనొచ్చు. ఏమీ అడగకుండా అమ్మ కొంగు గట్టిగా పట్టుకోనూవచ్చు. అదీ జవాబే.

అమ్మకు కావాల్సిన ఇంగ్లిషు, నాన్నకు కావాల్సిన దగ్గర, నాయనమ్మకు కావాల్సిన గౌరవం... మూడూ ఒకేచోట దొరికితే అదృష్టమే. దొరక్కపోతే ఏది వదులుకోవాలో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవచ్చు. కానీ ఆ కూర్చునేవాళ్లలో ఆ పిల్ల కూడా ఉండాలి. జూన్‌లో సంచి భుజాన వేసుకుని ఆ గేటు లోపలికి వెళ్లాల్సింది తనే కదా!