ముఖపత్రమునకు మాత్రమేనా మన చిత్రకారులు?

మన సంఘముల సంచికలను ముఖపత్రము చూచియే గుర్తింపవచ్చును. తెలుగుతల్లి, పూర్ణకుంభము, మామిడి తోరణము, ఒక మూల ఆలయ గోపురము. ఏడు మారును, బొమ్మ మారదు. ఆ బొమ్మ వేసిన యువకునికో యువతికో వేదికపై శాలువ కప్పి, మరుసటి ఉగాది వరకు మరచిపోవుదుము. ఈ మరపు అల్పదోషము కాదనియు, మన భాషకు మన చేతులతో మనమే చేసికొనుచున్న అపకారమనియు నా వాదము.

తమిళనాట స్థిరపడిన మా సంఘ కుటుంబములలో గ్రాఫిక్ డిజైను చదువుచున్న విద్యార్థిని యొకతె కలదు. రెండేండ్ల క్రిందట ఆమె మా సంపాదక వర్గమునకు రెండు పత్రములు తెచ్చి చూపినది. మొదటిది, మందులు వేసికొనవలసిన వేళలను బొమ్మలలో తెలుపు పట్టిక. రెండవది, తమిళాక్షరముల ప్రక్కన తెలుగు అక్షరములను నిలిపి నేర్పు గోడపటము. మా వర్గము వాటిని ఇటునటు త్రిప్పి చూచి, "ఇందులో కళ యెక్కడున్నదమ్మా? ముఖపత్రమునకు తెలుగుతల్లిని వేసి యిమ్ము" అని పంపివైచినది. ఆ వర్గములో నేనును ఒకడను. నోరు మెదపనైతిని. ఈ వ్యాసము ఆ మౌనమునకు ప్రాయశ్చిత్తము.

ఆమె పని చేసిన తీరు తరువాత తెలిసి సిగ్గుపడితిని. ఆ పట్టిక కొరకు ఆమె ఒక ఉచిత వైద్యశాలలో వారముల తరబడి వృద్ధుల నడుమ కూర్చున్నది. వారిలో పెక్కుమంది ఇంట తెలుగు మాటలాడువారు. తెలుగును చదువలేరు, తమిళమును చదువలేరు. ఉదయమునకు పొడుచు సూర్యుని, మధ్యాహ్నమునకు నడినెత్తి సూర్యుని, రాత్రికి చంద్రుని వేసి తొలి పటమును ఒక అవ్వ చేతికిచ్చినది. అవ్వ చంద్రుని చూపి, "ఈ మాత్ర పున్నమినాడే మింగాలా అమ్మా?" అని అడిగినదట. చంద్రుడు తొలగిపోయి, ఆ చోట పరచిన చాపయు తలగడయు వచ్చినవి. నడినెత్తి సూర్యుని చోట అన్నము వడ్డించిన కంచము వచ్చినది. అవ్వ తప్పుగా చదువలేదనియు, బొమ్మయే తప్పు చెప్పినదనియు ఆ పిల్ల గ్రహించినది. చూచువాని అవసరమునకు తన అభిరుచిని లొంగదీసికొనుట ఎంత కఠినమో చిత్రకారుల నడిగిన చెప్పుదురు. ఇది కళ కాదని మేమెట్లంటిమో నేటికిని నాకు తెలియదు.

"బొమ్మల పట్టికలు కూలిపని" అను పెద్దలకు చరిత్రయే సమాధానము. 1925లో వియన్నా నగరమున ఆటో నాయ్‌రాత్ అను పండితుడు ఒక సంగ్రహాలయమును నెలకొల్పి, సంఘజీవనమునకు సంబంధించిన లెక్కలను సామాన్య కార్మికునికి బోధపడు బొమ్మలుగా మలపించెను. మన దేశమున 1951 జనగణన నాటికి అక్షరాస్యులు నూటికి 18 మందియే. 1951-52 సార్వత్రిక ఎన్నికలలో తక్కినవారు వోటు వేయగలిగినది పెట్టెలపై నుండిన గుర్తుల చలువ చేతనే. రాజ్యాంగమిచ్చిన హక్కును ఓటరు చేతికందించినది చిన్న బొమ్మ. 1964లో లండనున కెన్ గార్లండ్ వెలువరించిన ప్రకటనలో డిజైనర్లు, ఛాయాగ్రాహకులు, విద్యార్థులు కలిసి గొంతెత్తిరి. తమ నేర్పు టూత్‌పేస్టు వంటి సరకుల ప్రకటనలకే వ్యయమగుచున్నదనియు, దారి గుర్తులు, పుస్తకములు, బోధనోపకరణములు అంతకంటె తగిన పనులనియు వారి వాదము. మా పిల్ల తెచ్చిన రెండు పత్రములును ఈ కోవలోనివే.

రెండవ పత్రము విషయము ఇంకను తీవ్రమైనది. 2011 జనగణనలో తెలుగును మాతృభాషగా చెప్పినవారు తమిళనాట సుమారు 42 లక్షలు, కర్ణాటకమున సుమారు 36 లక్షలు. ఈ లెక్క మాటాడువారిది, చదువువారిది కాదు. తమిళనాట 2006 నాటి చట్టము ననుసరించి పాఠశాలలలో తమిళము తరగతి తరువాత తరగతిగా నిర్బంధ పాఠ్యమగుచు వచ్చినది. ఉన్న ఊరి భాష నేర్చుట మన పిల్లల మేలునకే. అందులో నాకు తగవు లేదు. అయితే మన లిపిని నేర్పు భారము మునుపటి కంటె ఎక్కువగా ఇంటిపై పడినది. ఆ భారమును మోయుటకు ఇంటికి ఏమి సాధనమిచ్చితిమి? పెండ్లి పత్రికలో తెలుగు మాటలను సైతము ఇంగ్లీషు లిపిలో అచ్చొత్తించుచున్న మనము, పిల్లలకు తెలుగు రాదని వేదికలపై కన్నీరు కార్చుట న్యాయమా?

ఆ గోడపటము పిల్లవానికి తెలిసిన లిపి నుండి తెలియని లిపికి దారి వేయుచున్నది. తమిళమున క-వర్గపు మొదటి నాలుగు ధ్వనులకు అక్షరము ఒక్కటే. పటములో ఆ ఒక్క అక్షరము నుండి నాలుగు కొమ్మలు చీలి క, ఖ, గ, ఘ లై విచ్చుకొనును. కర్ణాటకమందలి మనవారికి ఈ పని మరింత సులభము. కన్నడ లిపియు మన లిపియు ఒక తల్లి బిడ్డలు. తలకట్టు తీరు వేరు. క, త, శ వంటి కొన్ని అక్షరములు వేరు రూపు దాల్చినవి. ఆ భేదములను మాత్రము పటముగా గీచి యిచ్చినచో, కన్నడము చదివిన బాలుడు తెలుగు పుటను చూచి బెదరడు. ఇట్టి పటమును గీయుటకు కావ్యపాండిత్యము చాలదు. అక్షరపు ఒంపును కంటితో కొలుచు శిక్షణ కావలెను. ఆ శిక్షణ మన పిల్లలు పొందుచుండగా, మనము వారిని తోరణములు గీయుమనుచున్నాము.

"సంఘమునకు ధనమెక్కడిది?" అని అడుగువారు శాలువల లెక్క చూచుకొందురు గాక. "సంప్రదాయమేమగును?" అని అడుగువారికి నా ప్రశ్న యొకటి: తెలుగుతల్లి బొమ్మ క్రింది పేరును మన మనుమడు చదువలేని నాడు ఆమె ఎవరి తల్లి?

విద్యార్థులకును ఒక మాట. ఒత్తులు చెదరి, గుణింతములు విరిగిన తెలుగును కంప్యూటరు ఇచ్చినది ఇచ్చినట్లు ఫలకములపై కెక్కించువారు మీలోను ఉన్నారు. చదువరాని లిపిని అలంకరింపబూనుట మీకును తగదు. ముందు అక్షరము నేర్చుకొనుడు, పిదప గీయుడు. గీచినదానిని అచ్చునకు ముందు ఒక అవ్వకు చూపుడు.

రాబోవు సంచిక ముఖపత్రమున తెలుగుతల్లియే యుండుగాక. వెనుక అట్టపై మందుల పట్టికను, లోపల విప్పి గోడకంటించుకొనదగిన అక్షరపటమును అచ్చొత్తింపవలెనని మా కార్యవర్గము ముందు ఈమారు నేనే ప్రతిపాదింపనున్నాను. ఇతర సంఘముల పెద్దలును తమ తమ ఊళ్లలో ఇట్టి పిల్లలను వెదకి పిలిచి, మొదట వారు తెచ్చిన కాగితములను చూడవలెనని నా ప్రార్థన.