టెస్ట్ డ్రైవర్లకు విడి చోటు కావాలి

లేని పరికరాన్ని ఉన్నట్టుగా కెర్నెల్‌కు చూపించేది టెస్ట్ డ్రైవర్. లినక్స్‌లో వివిడ్ అనే డ్రైవర్ వెబ్‌క్యామ్ లేకుండానే వీడియో పుట్టిస్తుంది. ఎస్‌సీఎస్‌ఐ-డీబగ్ ర్యామ్‌లో కొంత ముక్కను డిస్కుగా నిలబెడుతుంది. నెట్‌డెవ్‌సిమ్ నెట్‌వర్క్ కార్డు అవతారం ఎత్తుతుంది. ఇవి లేకపోతే వందల రకాల హార్డ్‌వేర్ కొని బల్ల మీద పేర్చుకుంటే తప్ప కెర్నెల్ కోడ్‌ను పరీక్షించడం కుదరదు. ఇంత అవసరమైన వాటిని సోర్స్ ట్రీలో ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తే మాత్రం, ఎక్కడుంటే ఏమిటి, నడిస్తే చాలు, ఫైళ్లు కదిపితే గిట్ చరిత్ర చెడుతుంది అన్న వాదనే తరచుగా నెగ్గుతోంది. ఆ వాదన నిలబడదు. ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందన్న దాన్ని బట్టే దాన్ని ఎవరు వెతికి పట్టుకుంటారో, ఎవరు సమీక్షిస్తారో, ఏ మెనూ కింద అది బిల్డ్‌లోకి వెళ్తుందో తేలుతుంది.

ఇప్పటి అమరికలో ఒక నియమమంటూ కనిపించదు. ఐ2సీ-స్టబ్ ఐ2సీ ఫోల్డర్ పైవరుసలోనే ఉంది. 2022లో వచ్చిన జీపీఐఓ-సిమ్ అసలు చిప్పుల డ్రైవర్ల నడుమ కలిసిపోయింది. యూఎస్‌బీ హోస్టుగానూ పరికరంగానూ నటించే డమ్మీ-హెచ్‌సీడీ గాడ్జెట్ ఫోల్డర్ లోపలి యూడీసీ ఫోల్డర్‌లో ఉంది. హోస్ట్ వైపు వెతికేవారికి దొరకదు. ఫ్లాష్ మెమొరీని చూసుకునే ఎంటీడీలో అయితే రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. ఫ్లాష్ అరిగిపోయేదాకా చెరిపి రాసే టార్చర్ టెస్టుకు టెస్ట్స్ అనే విడి ఫోల్డర్ ఉంది. ఉత్తుత్తి ఫ్లాష్ చిప్పును సృష్టించే నాండ్‌సిమ్ మాత్రం అసలు నాండ్ కంట్రోలర్ల మధ్యే ఉండిపోయింది.

సరైన దారి మీడియా సబ్‌సిస్టమ్ చూపించింది. 2014లో వివిడ్ వచ్చినప్పుడు దాన్ని ప్లాట్‌ఫామ్ అనే ఫోల్డర్‌లో పెట్టారు. ఆ ఫోల్డర్ ఒకే చిప్పులో ఇమిడిన వీడియో యూనిట్ల డ్రైవర్ల కోసం ఉన్నది. ఏ చిప్పూ లేని వివిడ్‌కు అక్కడ పనే లేదు. ఇంకో చోటు లేక అక్కడ చేరింది. తర్వాత వచ్చిన విమ్‌సీ, వైకోడెక్ అనే టెస్ట్ డ్రైవర్లూ అదే బాటలో నడిచాయి. 2020లో వీటన్నిటినీ మీడియా కిందే టెస్ట్-డ్రైవర్స్ అనే కొత్త ఫోల్డర్‌లోకి మార్చారు. అదే ఏడాది డిజిటల్ టీవీ ప్రసారాన్ని అనుకరించే విడ్‌టీవీ వచ్చేసరికి దానికి చోటు సిద్ధంగా ఉంది. కొత్తగా రాసేవారు ఎక్కడ పెట్టాలని అడగనక్కరలేకుండా పోవడం చిన్న లాభం కాదు. ఎలా రాయాలో నేర్పే నమూనాలు కూడా వారికి పక్కనే దొరుకుతాయి.

ఇక చరిత్ర చెడుతుందన్న భయం. గిట్ పేరు మార్పులను విడిగా నమోదు చేయదు. చూసే సమయంలో కోడ్ పోలికను బట్టి గుర్తిస్తుంది. ఫాలో అన్న ఆప్షన్ ఇస్తే లాగ్ పాత పేరు దాకా వెనక్కి వెళ్తుంది, బ్లేమ్ అయితే దానంతటదే వెళ్తుంది. మార్పు జరిగిన వారాల్లో పాత దారి మీద రాసిన ప్యాచ్‌లు అతకవన్నది నిజమే. అది ఒక్కసారి పడే శ్రమ. తప్పు చోట ఉన్న ఫైలు కోసం వెతుకులాట ఏటా కొత్తవారికి కొత్తగా మొదలవుతుంది.

టెస్ట్ కోడ్‌ను డ్రైవర్స్ ఫోల్డర్ నుంచే పూర్తిగా బయటికి పంపాలనేవారూ ఉన్నారు. ఎన్‌వీడిమ్, సీఎక్స్‌ఎల్ సబ్‌సిస్టమ్‌ల పరీక్షలు టూల్స్ కింది టెస్టింగ్ ఫోల్డర్‌లో ఉన్నాయి. లింకర్ సాయంతో కెర్నెల్ ఫంక్షన్ల స్థానంలో తమ ఫంక్షన్లను చొప్పించడం వాటికి తప్పనిసరి గనుక అక్కడ అది సబబే. మిగతా వాటికి ఆ అవసరం లేదు. కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లకు స్థిరత్వం ఉండదు. వాటిని మార్చినవారే ట్రీలోని డ్రైవర్లన్నిటినీ సరిచేస్తారు. టూల్స్ కింద ఉండి మామూలు బిల్డ్‌లో కంపైల్ కాని కోడ్ విరిగినా ఆ క్షణాన ఎవరికీ తెలియదు.

విడి ఫోల్డర్ అన్నంత మాత్రాన వర్చువల్ అని పేరు పెట్టి హార్డ్‌వేర్ లేని ప్రతిదాన్నీ అందులో వేయడం ఇంకో పొరపాటు. లూప్, జడ్‌ర్యామ్ డ్రైవర్ల వెనుకా పరికరం లేదు, కానీ జనం వాటిని నిత్యం వాడుతున్నారు. గీత గీయాల్సింది ప్రయోజనం దగ్గర. ఈ తేడాను కెర్నెల్ నడిచేటప్పుడు ఇప్పటికే పాటిస్తోంది: 2022 నుంచి, తాను టెస్ట్‌నని చెప్పుకున్న మాడ్యూల్ లోడ్ అయితే కెర్నెల్ మీద ఎన్ అనే టెయింట్ గుర్తు పడుతుంది. సోర్స్ ట్రీలో ఆ తేడా చూపకపోవడానికి కారణం లేదు. కెర్నెల్ ఫంక్షన్లను విడివిడిగా పరీక్షించే కేయూనిట్ పరీక్షల సంగతి వేరు. అవి ఒక్కో ఫైలులోని స్టాటిక్ ఫంక్షన్లను కూడా తాకాలి కాబట్టి అసలు కోడ్ పక్కనే ఉండడం మేలు.

ఫోల్డర్ ఒక్కటే చాలదన్నదీ ఒప్పుకోవాలి. 2019లో భద్రతా పరిశోధకుడు అలెగ్జాండర్ పోపోవ్ వివిడ్‌లో ఐదేళ్లుగా దాగి ఉన్న రేస్ కండిషన్లను బయటపెట్టి, వాటితో మామూలు యూజర్ రూట్ హక్కులు సంపాదించవచ్చని నిరూపించారు. ఆ లోపానికి సీవీఈ-2019-18683 అన్న సంఖ్య ఇచ్చారు. వివిడ్ దానంతటది లోడ్ కాదు. అయినా ఉబుంటు, డెబియన్, ఆర్చ్ వంటి డిస్ట్రిబ్యూషన్లు దాన్ని మాడ్యూల్‌గా అందిస్తున్నాయి. అప్పటికి టెస్ట్ డ్రైవర్లకు మెనూ ఉన్నా, అది ప్లాట్‌ఫామ్ డ్రైవర్ల కాన్ఫిగరేషన్ ఫైలులోనే ఉంది. అందుకే ప్రతి సబ్‌సిస్టమ్‌లోనూ టెస్ట్ ఫోల్డర్‌తో పాటు దాని సొంత కేకాన్ఫిగ్ ఫైలూ, అందులోని అన్నిటినీ ఒకేసారి ఆపగల ఆప్షనూ ఉండాలి. ఎవరూ ముట్టుకోకపోతే ఆ ఆప్షన్ ఆఫ్‌లోనే ఉండాలి.