తెగేదాకా లాగరాదు

పిల్లలకు చిన్న డర్ట్ బైకు కొనిచ్చే తల్లిదండ్రులు హెల్మెట్టుకు ఇచ్చే ప్రాధాన్యం బోల్టుల బిగింపుకు ఇవ్వకపోవడం విచారకరం. ఇరుసు నట్టు వదులైతే పడిపోయేది పసివాడే.

అయితే ఎంత గట్టిగా బిగిస్తే అంత భద్రమన్నది అపోహ. బోల్టు ఒక విధమైన స్ప్రింగు. బిగించినప్పుడు రవంత సాగి, తిరిగి ముడుచుకోబోయే బలంతోనే భాగాలను అదిమి పట్టి ఉంచుతుంది. బిగింపు చాలకపోతే కుదుపులకు వదులవుతుంది. మితిమీరితే తిరిగి ముడుచుకోలేనంతగా సాగిపోతుంది, లేదా ఇంజను కేసులోని మెత్తని అల్యూమినియం మరలు చెడిపోతాయి.

బిగించే శ్రమలో దాదాపు 90 శాతం ఘర్షణకే ఖర్చవుతుంది. అందుచేత పొడి మరలకు చెప్పిన కొలతతో నూనె రాసిన బోల్టును బిగిస్తే అది అధికంగా సాగుతుంది.

6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్-మీటర్లు చాలు. అంటే 25 సెంటీమీటర్ల పానా చివర సుమారు 4 కిలోల బరువు మాత్రమే! పెద్దల చేతికి ఈ తేడా తెలియదు. కనుక తయారీదారు పుస్తకంలోని అంకెను చూచి, టార్క్ రెంచితో కొలిచి బిగించడమే వివేకం. ఆ పనిలో పిల్లలనూ పక్కన కూర్చోబెట్టుకోవాలి.