రైతు శిక్షణకు పరీక్ష యేది?

పాఠశాలలో హాజరు పట్టీ వేఱు, పరీక్ష వేఱు. ఏడాది పొడుగునను తప్పక బడికి వచ్చినంత మాత్రమున ఏ విద్యార్థియు ఉత్తీర్ణుడు కాడు. ఈ చిన్న న్యాయము మన జిల్లాలో రైతులకు జరుగు శిక్షణలకును చెల్లవలెనని మా యభిప్రాయము.

కోలారు జిల్లాకు జీవనది లేదు. నంది కొండలలో పుట్టిన పాలారు వానలు కురిసిననాడే పాఱును. పూర్వులు కట్టించిన చెఱువులే మనకు ఆధారము. అవి యెండిన పిదప బోరుబావులు వచ్చినవి. 1000 అడుగులు దాటిన బోరులును నేడు అరుదు కావు. 2018 మొదలుకొని బెంగుళూరు వాడుకనీటిని శుద్ధిచేసి మన చెఱువులకు పంపుచున్నారు. 2001లో బంగారు గనులు మూతపడిన పిమ్మట గనుల యూళ్లవారు పెక్కురు ప్రతిదినము రైలెక్కి పనికై బెంగుళూరు పోవుచున్నారు. పల్లెలవారికి మాత్రము నేలయే గని.

అట్టి నేలలో అయిదెకరములకు లోబడిన రైతు రాగి, వేరుసెనగ, టమాటా, మల్బరీ, పాడి అనువానితో సంసారము నీడ్చుచున్నాడు. అతనికై టమకలోని కృషి విజ్ఞాన కేంద్రము మొదలైన సంస్థలు శిక్షణ లిచ్చుచున్నవి. ఇట్టి కేంద్రములలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో వెలసినది. నేడు దేశమున 700లకు పైగా కలవు. శిక్షణ యక్కఱలేదని మేము చెప్పము. అయితే శిక్షణను గూర్చిన వార్తలలో ‘ఇంతమంది హాజరైరి’ అను సంఖ్యయే ముందు కనబడును. మఱుసటి యేడు పొలములో ఏమి మాఱినదో తెలియుట అరుదు.

ఈ పరీక్ష సులభమైనది కాదు. 2023 జూలైలో కోలారు మార్కెట్టున 15 కిలోల టమాటా పెట్టె 2000 రూపాయలు దాటినది. కొన్ని యేండ్లలో కోతకూలియు గిట్టక పండ్లు చేనిలోనే క్రుళ్లును. 2022లో శిక్షణ పొందినవాని రాబడి 2023లో పెరిగిన, అది శిక్షణ ఫలమా, ధర మహిమయా? కనుక శిక్షణకు పోని పొరుగువానితో పోల్చి చూడవలెను. అందును చిక్కు కలదు. బోరు, చదువు, అధికారుల పరిచయము గలవారే శిక్షణకు ముందుగా వత్తురు. వారు మొదటినుండియు ఒక యడుగు ముందున్నవారే. అందుచే శిక్షణకు మునుపే ఇరువురి స్థితియు వ్రాసి యుంచవలెను.

ఇండొనీషియాలో 1989లో వరి రైతులకు పొలముబడులు మొదలైనవి. వారము వారము పొలముననే కూడి, చీడపురుగులను మిత్రకీటకములను రైతులే పరిశీలించిరి. లోకమెల్ల వానిని మెచ్చినది. కాని 1991, 1999 సంవత్సరముల లెక్కలను పోల్చి 2004లో ప్రచురించిన పరిశోధన యొకటి, దిగుబడిలో గాని మందుల వాడకములో గాని చెప్పదగిన మేలు కానరాలేదన్నది. మందుల వాడకము తగ్గినదని చెప్పిన పరిశోధనలును కలవు. మంచిపేరు గన్న శిక్షణకును పరీక్ష యవసరమని దీనివలన తెలియుచున్నది.

మన పొరుగుననే మఱియొక దృష్టాంతము కలదు. చిత్తూరు, అనంతపురము మొదలగు ఏడు కఱవు జిల్లాలలో 2003లో భూగర్భజలములను గూర్చిన పథకమొకటి ఆరంభమైనది. రైతులే వానను కొలిచిరి. బోరులలోని నీటిమట్టమును కొలిచిరి. రబీకి ముందు ఊరి నీటిపద్దు వ్రాసికొని ఏ పంట వేయవలెనో తామే యోచించిరి. వరి మానుమని ఎవరును ఆజ్ఞాపింపలేదు. చేతిలోని లెక్కయే చెప్పినది. అక్కడ శిక్షణయు పరీక్షయు ఒక్కటే యైనవి.

మన జిల్లాకు మఱి రెండు మాటలు. ముళబాగిలు, శ్రీనివాసపురము పల్లెలలో ఇంటిమాట తెలుగైనవారు పెక్కురు. కన్నడము మనకు రాజ్యభాష, గౌరవింపదగినది. అయినను మందు మోతాదు వంటి సూక్ష్మవిషయమును ముసలితల్లికి ఇంటిమాటలో చెప్పిననే మనసున నాటును. పట్టుపురుగులకు ఆకువేయునది, ఆవును సాకునది, కలుపుతీయునది తఱచు ఇల్లాలే. పట్టా మాత్రము భర్త పేర నుండుటచే పిలుపు అతనికే పోవును. పనిచేయు చేతులను విడిచి పట్టాకు పాఠము చెప్పిన ఫలమేమి?

కావున శిక్షణకు ముందు పొలము స్థితిని వ్రాయుడు. రెండు పంటల తరువాత మరల వచ్చి చూడుడు. భార్యను, భర్తను, పొరుగువానిని వారివారి మాటలో అడుగుడు. ఇది వ్రాసికొనుటకు రైతుబిడ్డలమైన మేము పలకాబలపములతో సిద్ధముగా నున్నాము. చెప్పువానికి వినువాడు లోకువ యందురు. ఒక్కమాఱు రైతు చెప్పగా శిక్షకుడు వినవలెను. తప్పిన విద్యార్థి మరల చదివి ఉత్తీర్ణుడగుచున్నాడు. తప్పిన శిక్షణయు అట్లే దిద్దుకొనవచ్చును. పరీక్షయే లేనిదానికి ఆ భాగ్యము కూడ లేదు.